అంచు దగ్గర కొలిచిన తలుపు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు రేకు కొట్టాను. సుత్తి పక్కన పెట్టి మూడేళ్ళయింది. చెవులు సరిగ్గా వినిపించవు కాబట్టి ఈ మధ్య నేనే ఎక్కువ మాట్లాడుతున్నాను. మన షెడ్లలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "ఉస్తాద్, పాత కార్లకు ఏ గేజీ రేకు వాడాలె?" అని అమాయకంగా అడుగుతారు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వుతారు. చెవులు పోయినా ఆ నవ్వు మాత్రం నాకు బాగానే వినిపిస్తుంది.

సరే, మీకు కావాల్సింది ఆ కారు కథే కదా. ఎవరో చెబితే ఇంకో నాలుగు అబద్ధాలు కలిపి చెబుతారు. నేనే చెబుతాను. నవ్వేదేదో ఒకేసారి నవ్వి, తర్వాత పని చూసుకోండి.

మాది ఈ పక్క ఊళ్ళోనే తాతల కాలం నుంచి ఉన్న కుటుంబం. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, రేకు మాట వినకపోతే రెండూ. నేను చేసినవన్నీ ట్రాక్టర్ ట్రాలీలు, నీళ్ళ ట్యాంకర్లు. బొంగులూరు చుట్టూ వెంచర్లు పడ్డాక ఇళ్ళ కంటే ముందు ట్యాంకర్లు వచ్చాయి. వాటిలో సగం నా చేతి మీదుగా పోయినవే. ఒకసారి నా ట్యాంకర్ ఒకటి గుంతలో బోల్తా కొడితే గుంత పెద్దదైంది గాని ట్యాంకర్ చెక్కుచెదరలేదు. అంత గట్టి పని. అయినా ఏం లాభం? పెళ్ళికి పోయినా, చావుకు పోయినా అందరూ "ట్యాంకర్ భాయ్ వచ్చిండు" అనేవాళ్ళు. రోడ్డుకు అవతల కార్లకు సొట్టలు తీసే షెడ్డువాళ్ళయితే మమ్మల్ని కమ్మరి కొలిమి కింద జమ కట్టేవాళ్ళు. ఒక్కసారైనా నన్ను "కారు ఉస్తాద్" అని ఎవరైనా పిలవాలని నాకు లోపల్లోపల మహా ఆశగా ఉండేది. ఇంట్లో కూడా చెప్పుకోలేదు, నవ్వుతారని.

అలాంటి నా దగ్గరికి ఒక రోజు ట్రాక్టర్ వెనక తాడు కట్టుకుని ఒక కారు వచ్చింది. గుండ్రటి మూతి, కప్పకళ్ళలాంటి లైట్లు, నా కంటే వయసులో పెద్దది. ఎడమ పక్క ముందు తలుపు, దాని ముందున్న మడ్‌గార్డు తుప్పు పట్టి జల్లెడైపోయాయి. మిగతా ఒళ్ళు పరవాలేదు. కారుతో పాటు దిగిన పెద్దాయన కోస్తా మనిషి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, బొంగులూరు వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నారు.

"మేస్త్రిగారూ, ఇది మా నాన్నగారి కారండీ. మీరే దీన్ని నిలబెట్టాలి" అన్నారు ఆయన.

ముప్పై ఏళ్ళకు పైగా రేకు కొడితే నన్ను "గారూ" అన్న మొదటి మనిషి ఆయనే. నేను అక్కడే పడిపోయాను. అవతలి షెడ్డుకు ఎందుకు తీసుకుపోలేదని కూడా అడగలేదు. తర్వాత తెలిసింది, అక్కడికి ముందే తీసుకుపోయారట, వాళ్ళు చేతులెత్తేశారట.

ఆయన వెంట ఆయన భార్య కూడా వచ్చింది. సార్ ఇంజను సంగతి మాట్లాడటానికి పక్కనున్న మెకానిక్ దగ్గరికి వెళ్ళగానే, ఆమె ట్యాంకర్ మూత మీద మెల్లగా కూర్చుని నన్ను దగ్గరికి పిలిచింది. మోకాళ్ళ నొప్పులు, కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

"బాబూ, ఈ తలుపు సంగతి నీకొకటి చెప్పాలి. పెళ్ళయ్యాక నన్ను అత్తారింటికి ఈ కార్లోనే తీసుకొచ్చారు. ఈయన దిగారు. ఎవరో స్నేహితుడు పలకరిస్తే కబుర్లాడుకుంటూ లోపలికెళ్ళిపోయారు. నాకేమో ఈ తలుపు ఎలా తియ్యాలో తెలీదు. కొత్త పెళ్ళికూతుర్ని, ఎవర్నని పిలవను? హారతి పళ్ళెం పట్టుకుని వాళ్ళు గుమ్మంలో, నేనిక్కడ కార్లో. చివరికి మా మామగారొచ్చి తీశారు."

"సార్ ఏమన్నడమ్మా మరి?"

"ఏమంటారు? 'దిగలేదా ఇంకా?' అన్నారు."

నాకు నవ్వొచ్చింది గాని ఆమె ముఖం చూసి మింగేశాను. యాభై ఏళ్ళయినా ఆమెకు ఆ మాట మొన్న విన్నట్టే ఉంది.

"వచ్చే నెలకు మా పెళ్ళయి యాభై ఏళ్ళు. పెద్ద అంబర్‌పేటలో హాలు మాట్లాడారు. ఈ కార్లోనే వెళ్తాం. ఈసారి ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి, అందరి ముందూ నా తలుపు తియ్యాలి. అడిగాను, సరేనన్నారు. ఆ రోజు ఈ తలుపు మొరాయించకూడదు. నాకింకేం అక్కర్లేదు."

"అమ్మా, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. ఒక్క వేలుతోని తెరుచుకుంటది. నాది జిమ్మేదారి" అన్నాను, వేలు పైకెత్తి చూపించి మరీ.

ఆ వేలు నన్ను ఎంత వెంటాడిందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు గేజీ గురించి, అంటే రేకు మందం గురించి ఒక్క మాట. ఆ లెక్క ఉల్టా. నెంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. ఇరవై గేజీ పలచన, పద్నాలుగు గేజీ మందం. కారు ఒంటికి ఏ గేజీ రేకుంటే అదే గేజీ వేయాలి, అప్పుడే బరువు కుదురుతుంది, వంపు కుదురుతుంది. ఈ మాత్రం నాకూ తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత సిగ్గు ఉండేది కాదు.

షెడ్డు పక్కన చాయ్ హోటల్‌లో ఆ వారమంతా ఇదే పంచాయితీ. కూలర్లు చేసే ఆయన ఇరవై నాలుగు గేజీ వేయమన్నాడు.

"ఇరవై నాలుగా? నీ కూలర్ మీద పిల్లి దుంకితే సొట్ట పడ్తది. గది రేకా, చపాతీనా?" అన్నాను నేను.

"నీ ట్యాంకర్ రేకు ఏస్తే కారు కాదన్నా, మిలిటరీ బండైతది" అన్నాడు అతను.

చాయ్ పోసే ఆయన కూడా గ్లాసు కడుగుతూ పదహారు వేస్తే మధ్యస్తంగా ఉంటుందని తీర్పు చెప్పాడు. కారు ఎప్పుడూ నడపనివాళ్ళంతా ఒక్కో గేజీ చెప్పారు. నేను అందరి నోరూ మూయించి, కొలిచి చెబుతానని లేచాను.

మన దగ్గర కొలిచే సామాను తెలుసు కదా, చుట్టూ గాట్లున్న గుండ్రటి ఇనుప బిళ్ళ. ఒక్కో గాటు మీద ఒక్కో నెంబరు. రేకు అంచు ఏ గాట్లో సరిగ్గా దూరితే అదే గేజీ. కొత్త రేకు కోసి కొలవడం మాకు రోజూ ఉండే పని. ఆ అలవాటు ప్రకారమే ఆ తలుపు కింద అంచును పట్టుకున్నాను. తుప్పు గీకాను, బిళ్ళ పెట్టాను. పద్నాలుగు గాట్లో వెన్నలా దూరింది.

పద్నాలుగు! మా ట్రాలీల పక్కలకు వేసేది అదే. షెడ్డులో గోడకు ఆనించి నాలుగు రేకులు నిలబడే ఉన్నాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు. పాతకాలం వాళ్ళు మన లెక్కే పనిచేశారని షెడ్డంతా వినపడేలా అరిచాను.

నా వెల్డర్ ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్ళు నాతో చేశాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు మాత్రం వచ్చి, తలుపు ముందు మునికాళ్ళ మీద కూర్చుని, కాసేపు చూశాడు.

"ఉస్తాద్, అంచు కాడ కొలిచినవ్. జర నడుమ కొలవరాదు?"

"నడుమ ఎక్కడుందిరా? మొత్తం పుట్టీ, తుప్పు. అయస్కాంతం కూడ అంటుతలేదు."

"అంచు మడత ఉంటది గదా."

"నాకు నేర్పుతున్నవా? పో, కర్రలు తెచ్చుకో పో" అన్నాను. కర్రలంటే వెల్డింగు పుల్లలు. అతను వెళ్ళి తెచ్చుకున్నాడు.

అర్థమైంది కదా? కారు తలుపు రేకును అంచు దగ్గర లోపలికి మడుస్తారు. అక్కడ రెండు పొరలు. నేను కొలిచింది రెండింటినీ కలిపి. చేతులు కోసుకుపోకుండా నా ట్యాంకర్ మూతలకు నేనే రోజూ అంచు మడుస్తాను. అలాంటివాణ్ణి ఆ రోజు ఆ మడతను చూడలేదు. చూడలేదని ఎందుకు అబద్ధమాడాలి, చూడదల్చుకోలేదు. నాకు పద్నాలుగు కావాలి, పద్నాలుగు వచ్చింది.

తలుపునూ మడ్‌గార్డునూ పది రోజులు కొట్టాను. కారు ఒంటి వంపు ఆ రేకుకు రాదు. ట్యాంకర్ రేకు వంచే రోలర్లో పెట్టాను, వేడి చేశాను, మీదెక్కి నిలబడ్డాను. భుజం వాచిపోయింది. ఇంట్లో అన్నం ముద్ద నోటి దాకా లేవకపోతే మా ఆవిడ నా చెయ్యి చూసి, కారు బాగు చేస్తున్నావా, కొండ కొడుతున్నావా అని అడిగింది. చివరికి వంపు వచ్చింది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, ఆ మాట మాత్రం ఇప్పటికీ అంటాను.

తలుపు మోయడానికి నలుగురం పట్టాం. అప్పుడన్నా బుద్ధి రావాలి. రాలేదు. తలుపు తిరిగే కారు బందులకు తగిలిస్తే అవి సన్నగా మూలిగి వంగాయి. బందులు పాతవని తీసేసి, ఇంటి గేట్లకు వేసే బందులు తెచ్చి బిగించాను. అప్పుడు కారు మొత్తం ఎడమ పక్కకు ఒరిగింది, ఒక జేబులో రాళ్ళు వేసుకున్న మనిషిలాగా. దానికీ నా దగ్గర మందుంది. డిక్కీలో కుడి పక్కన రెండు సిమెంటు బస్తాలు పెట్టాను. కారు నిటారుగా నిలబడింది. వెల్డర్ ఆ బస్తాల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి బీడీ ముట్టించుకున్నాడు.

రంగు వేశాక సార్ వచ్చి తలుపు మీద తట్టి చూశారు. "బ్యాంకు లాకర్‌లా ఉందండీ మేస్త్రిగారూ!" అని పొంగిపోయారు. నేనూ పొంగిపోయాను. అవతలి షెడ్డువాళ్ళకు వినపడాలని ఆ తలుపును నాలుగుసార్లు వేసి చూపించాను.

పెళ్ళిరోజు ఫంక్షన్‌కు నన్నూ వెల్డర్‌నూ పిలిచారు. నేను తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. పొద్దున్నే బొంగులూరులో వాళ్ళింటికి పోయాం. పట్టుచీర కట్టుకుని ఆమె వచ్చి ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుంది. తలుపు నేనే వేశాను. ధబేల్‌మంది. ఆ దెబ్బకు కిటికీ అద్దం దానంతట అదే లోపలికి జారిపోయింది. గాలి బాగా వస్తుందిలే బాబూ అని ఆమె సర్దుకుంది.

సార్ నడుపుతుంటే వెనక వెల్డర్ బండి మీద మేమిద్దరం. సర్వీసు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో నాకా రోజు తెలిసింది. ఒక్కోటి దాటుతుంటే ఆ తలుపు ఒక్కో పిసరు కిందికి దిగుతోంది. ముందు నేనది చూడనట్టే ఉన్నాను. నాలుగోది దాటాక వెల్డర్ బండి నడుపుతూనే వెనక్కి తిరగకుండా, "దిగుతుంది ఉస్తాద్" అన్నాడు.

పెద్ద అంబర్‌పేట హాలు ముందు చుట్టాలంతా నిలబడ్డారు. హారతి పళ్ళెం ఉంది, బ్యాండు ఉంది. తలుపు తెరవగానే వాయించాలని బ్యాండువాళ్ళకు చెప్పి ఉంచారు. సార్ దిగారు. పంచె సర్దుకుని, కారు మూతి చుట్టూ తిరిగొచ్చి, ఎడమ తలుపు ముందు పెళ్ళికొడుకులా నిలబడ్డారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. ఆయన హ్యాండిల్ పట్టుకుని లాగారు.

రాలేదు.

డోలు ఆయన ఒక దెబ్బ వేసి ఆపేశాడు. సార్ మళ్ళీ లాగారు. మళ్ళీ ఒక దెబ్బ, మళ్ళీ ఆగడం. మూడోసారి రెండు చేతులా లాగితే హ్యాండిల్ ఊడి చేతిలోకి వచ్చింది. సార్ దాన్ని తిప్పి తిప్పి చూశారు. డోలు ఆయనకు ఏం చేయాలో తోచక ఇంకో దెబ్బ వేశాడు.

అందరూ తలో సలహా. డ్రైవరు పక్క నుంచి జరిగి దిగమన్నారు. ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఈ మోకాళ్ళతో స్టీరింగ్ కింద దూరమంటారా? అయినా నేను అటు దిగను. ఇటే దిగుతాను. ఆయనే తియ్యాలి."

సార్ పంచె ఎగ్గట్టారు. చెప్పులు విప్పి, ఒక కాలు కారుకు తన్నిపెట్టి, కిటికీ చట్రం పట్టుకుని లాగారు. ఒక మనవరాలు ఆయనకు విసనకర్ర ఊపింది. హారతి కిటికీలోంచే ఇచ్చారు. దండ కిటికీలోంచే వేశారు. ఎవరో గ్లాసుతో బాదంపాలు అందిస్తే ఆమె నిదానంగా తాగుతూ, చెమటలు కక్కుతున్న మొగుణ్ణి చూస్తూ కూర్చుంది. ఆమె ఒక్కతే ఏ తొందరా లేకుండా ఉంది.

"అయ్యో, మీకు కష్టంగా ఉందా పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"నాకేం కష్టమే? యాభై ఏళ్ళలో ఈయన నా కోసం ఇంతసేపు ఒకచోట నిలబడటం ఇదే మొదలు. కానివ్వండి" అంది ఆమె.

నేను అప్పటికి కూల్‌డ్రింకుల డబ్బాల వెనక ఉన్నాను. అక్కడి నుంచి గేటు ఎంత దూరమో చూసుకుంటున్నాను. ఆమె తమ్ముడు నన్ను పట్టుకుని ఏమయిందయ్యా అంటే, బందులు నాసిరకం సార్ అని నోరు జారాను. వెల్డర్ విన్నాడు. వచ్చి నా ఇస్త్రీ చొక్కా కాలర్ పట్టుకుని, కారు దాకా నడిపించాడు.

"చెప్పు ఉస్తాద్" అన్నాడు. అంతే.

ఆమె నన్ను చూసి ఒక వేలు పైకెత్తింది. "బాబూ, ఒక్క వేలన్నావు?"

తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది. ఆ ఒక్క రోజు కోసం ఆమె యాభై ఏళ్ళు ఆగింది, నేను గోడకు ఆనించిన రేకు చూసుకుని మురిసిపోయాను.

"తప్పు నాదేనమ్మా. బందులది కాదు. రేకు మస్తు మందమైంది. అంచు కాడ మడత మీద కొలిచిన. మా వెల్డర్ చెప్పిండు నడుమ కొలువుమని, నేను ఇనలే. డిక్కీల రెండు సిమెంటు బస్తాలు గూడ పెట్టిన."

"సిమెంటు బస్తాలా?" అన్నారు సార్, హ్యాండిల్ చేతిలో పట్టుకునే.

"అవ్ సార్."

ఆయన డిక్కీ తెరిచి చూసి, నెమ్మదిగా మూసేశారు. పాఠం చెప్పినన్నేళ్ళలో ఏ విద్యార్థీ ఇలాంటి జవాబు రాసి ఉండడు.

వెల్డర్ అప్పటికే జాకీ తెచ్చాడు. తలుపు కింద పెట్టి, దిగినంత మేర పైకి లేపాడు. తలుపు చట్రంలో సరిగ్గా కుదురుకుని టక్‌మంది. నేను తీయబోతే సార్ నా చెయ్యి తోసేశారు.

"మీరు తప్పుకోండి. నేనే తీస్తాను."

తీశారు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, లోపలి హ్యాండిల్‌తో. బ్యాండు అందుకుంది. ఆయన చెయ్యి అందించారు, ఆమె పట్టుకుని దిగింది. ఇద్దరూ మూడడుగులు వేశారో లేదో, వెనక ధన్‌మని ఒక చప్పుడు. గేటు బందులు తాము బిగించి ఉన్న కారు స్తంభాన్నే పెకలించుకుని వచ్చేశాయి. తలుపు కింద పడింది. బ్యాండు ఆగిపోయింది. హాలు ముందు బండలు రెండు పగిలాయి.

నేను పరుగెత్తి తలుపును తడిమి చూశాను. ఒట్టేసి చెబుతున్నాను, నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"చూసిన్రా, ఒక్క సొట్ట పడలే!"

అంతమందీ నన్నే చూశారు. వెల్డర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె మాత్రం నవ్వు మొదలుపెట్టి, నిలబడలేక సార్ భుజం పట్టుకుంది. ఆ ఫోటో వాళ్ళింటి గోడ మీద ఉంది. వెనకాల తలుపు పక్కన మునికాళ్ళ మీద కూర్చున్నది నేనే.

తర్వాత జల్‌పల్లి తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. రెండో రోజు అదే రకం కారు తలుపు ఒకటి దొరికింది. ఎత్తితే రెండు వేళ్ళకు లేచింది. నేను దాన్ని పట్టుకుని ఆ ఇనుప కుప్ప మీదే కాసేపు కూర్చున్నాను. నడుమ ఒక ముక్క కోసి, రంగంతా గీకి కొలిస్తే ఇరవై గేజీ. అంచు దగ్గర పెడితే పద్నాలుగు. మడత నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఇరవై గేజీతో తలుపు, మడ్‌గార్డు మళ్ళీ చేశాను, స్తంభం అతికించాం, సిమెంటు బస్తాలు దించాం. ఈసారి ప్రతి కొలతా వెల్డర్‌కు చూపించాకే కోశాను. అతను ప్రతిసారీ తల ఊపాడు. ఆ మొండి తలుపు ఇప్పటికీ షెడ్డు ముందు రెండు ఇటుకల మీద ఉంది. దాని మీద కూర్చునే చాయ్ తాగుతారు. మీలో కొందరు దాని మీద కూర్చునే నాకు ఫోన్ చేసి గేజీ అడుగుతారని నాకు తెలుసు.

కాబట్టి రేకు నడుమ కొలవండి. నడుమ మిగలకపోతే ఇంకో కారు వెతికి దాని నడుమ కొలవండి. పక్కనున్నవాడు తక్కువ మాట్లాడేవాడైతే, వాడు మాట్లాడిన రోజు పని ఆపండి.

కొత్త తలుపు బిగించిన రెండు నెలలకు ఆమె ఫోన్ చేసింది.

"బాబూ, తలుపు బ్రహ్మాండంగా ఉంది. నిజంగానే ఒక్క వేలుకు వస్తోంది."

"సంతోషమమ్మా."

"అదే వచ్చిన ఇబ్బంది. నిన్న బ్యాంకుకెళ్ళాం. ఆయన దిగి ఎవరితోనో మాట్లాడుతూ లోపలికెళ్ళిపోయారు. నేను కావాలనే కూర్చున్నా. కాసేపటికి బయటికొచ్చి ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నడమ్మా?"

"'దిగలేదా ఇంకా?' అన్నారు." గొంతు తగ్గించింది. "దాన్ని కొంచెం పాడుచేసి పెట్టగలవా?"

ముప్పై ఎనిమిదేళ్ళ నా పనిలో బాగున్నదాన్ని చెడగొట్టమని అడిగింది ఆమె ఒక్కతే. అంత శ్రద్ధగా నేను చేసిన పని కూడా అదొక్కటే. సార్ పేపరు చదువుకుంటుంటే వాళ్ళింటి ముందే లాకు విప్పి, లోపల చిన్న వాషరు వేశాను. బయట నుంచి మామూలుగానే వస్తుంది. లోపలి నుంచి మాత్రం హ్యాండిల్‌ను ముందు పిసరంత పైకెత్తి, అప్పుడు లాగాలి. ఆ చిట్కా ఆమె చేత నాలుగుసార్లు చేయించి చూశాను. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగగలదు. కానీ ఇంతవరకు తనంతట తాను దిగలేదు.

పాత కారు కదండీ, ఆ మాత్రం మొరాయింపు ఉంటుంది అంటారు సార్ ఇప్పటికీ, చుట్టూ తిరిగొచ్చి తలుపు తీస్తూ. ఆ వాషరు సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. బొంగులూరు వైపు పోతే మాత్రం కాస్త నోరు కట్టుకోండి.